ఇయర్‌ఫోన్స్‌లో ముందుగా పోయేది ఏది?

ఇయర్‌ఫోన్స్ ఎన్నాళ్లు వస్తాయని ఎవరైనా అడిగితే, అవి వైరు ఉన్నవా లేనివా అని, ఆ తర్వాత వాడేది ఏ ఊళ్లో అని నేను తిరిగి అడుగుతాను. హైదరాబాదులో ఏసీ ఆఫీసులో వాడే జతకూ, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో రొయ్యల చెరువు గట్టు మీద వాడే జతకూ ఆయుష్షు ఒకటి కాదు. అయితే రెండు చోట్లా చాలా అరుదుగా చెడిపోయేది మాత్రం ఒకటే, అది శబ్దాన్ని పుట్టించే డ్రైవర్. ఒక పలుచని పొర, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, ఒక చిన్న అయస్కాంతం, సాధారణంగా ఇంతే దాని నిర్మాణం. ఫోను ఇచ్చే కొద్దిపాటి కరెంటుకు అది కాలిపోవడం అరుదు కనుక, తడి తగలకుండా చూసుకుంటే ఏళ్ల తరబడి పలుకుతూనే ఉంటుంది. పోయేవన్నీ దాని చుట్టూ ఉన్నవే.

వైరు ఉన్నవాటిని చంపేది వంపు. ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా జాక్ మొదట్లో వైరు ఒకే చోట వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టే లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోయి, చివరికి ఒక సైడు వినపడడం మానేస్తుంది. వైరును వేలితో ఒక కోణంలో నొక్కి పట్టుకున్నప్పుడు పాట వచ్చి, వదలగానే పోతుంటే తెగింది అక్కడేనని అర్థం. అక్కడి తొడుగును బ్లేడుతో కోసి చూస్తే ఎర్రవీ, పచ్చవీ, రాగి రంగువీ వెంట్రుకల్లాంటి పోగుల కట్టలు, చాలావాటిలో బలం కోసం వేసిన దారపు పోగు కనిపిస్తాయి. ఆ రంగులు నిజానికి ఒక పోగు కరెంటు మరొకదానికి అంటకుండా వేసిన వార్నిష్ పూత. దాన్ని కాల్చో, గీకో తీసేయకుండా సాల్డరింగ్ చేస్తే సీసం సరిగా పట్టదు, ఇళ్లలో చేసుకున్న రిపేర్లు నాలుగు రోజులకే మొదటికి రావడానికి ఇదే ముఖ్య కారణం. జాక్ దగ్గర తెగితే సెల్ షాపులో కొత్త పిన్ను వేయించుకోవచ్చు. చెవి దగ్గర తెగితే మాత్రం, అతికించి మూసేసిన ఆ చిన్న డొల్లను పగలకుండా తెరవడం కష్టం.

మా కోనసీమలో వంపుకు చెమ్మ తోడవుతుంది. పైతొడుగు పారదర్శకంగా ఉన్న వైరు లోపల రాగి మెల్లగా పచ్చబడడం చాలామంది చూసే ఉంటారు. అది ఇత్తడి బిందెకు పట్టే చిలుము జాతిదే. చెమట, ఒంటి జిడ్డు, తలకు రాసుకున్న నూనె తగిలి తగిలి పైతొడుగు బిరుసెక్కుతుంది, బిరుసెక్కిన తొడుగు వంగినచోట పగులుతుంది. చెవిలో పెట్టుకునే రబ్బర్లలో సిలికాన్‌వి చాలాకాలం వస్తాయి, స్పాంజివి కొన్ని నెలలకే సాగి పొడిపొడిగా రాలతాయి. ఇవి మార్చుకునేవే కాబట్టి వీటి గురించి బెంగ అక్కర్లేదు.

ఒక సైడు శబ్దం తగ్గిందని పారేసే వాటిలో కొన్ని అసలు పాడైనవే కావు. చెవిలోకి దూరే గొట్టం మూతికి ఉన్న జల్లెడలో గుబిలి పేరుకుపోయి ఉంటుంది. రబ్బరు తీసి, జల్లెడ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే గుబిలి లోపలికి పోకుండా కిందికి రాలుతుంది. పిన్నీసుతో పొడిస్తే జల్లెడ చిరుగుతుంది, ఆపైన గుబిలి సరాసరి పొర మీదికే చేరుతుంది.

వైరు లేని బడ్స్‌లో ఆయుష్షును నిర్ణయించేది బ్యాటరీ. ఒక్కో బడ్‌లో ఉండేది చాలావరకు 30 నుంచి 60 మిల్లీయాంప్ అవర్ల లిథియం సెల్. అలాంటి సెల్ సుమారు 300 నుంచి 500 పూర్తి ఛార్జింగుల తర్వాత తన శక్తిలో ఐదో వంతు దాకా కోల్పోతుంది కనుక, రోజూ వాడేవారికి రెండు మూడేళ్లలో ఆ తేడా తెలిసిపోతుంది. వేడి ఈ క్షీణతను ఇంకా తొందర చేస్తుంది కాబట్టి, రోహిణీ కార్తె ఎండలో బండి డిక్కీలో పెట్టి వదిలేయడం వాటికి మంచిది కాదు. రాత్రి చెరువుల కాపలా ఉండేవాళ్లు, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే వెంటనే తెలియాలని ఒక చెవికే బడ్ పెట్టుకుంటారు. రోజూ అదే చెవి అయితే అదే బడ్ ఎక్కువసార్లు ఖాళీ అయి ఎక్కువసార్లు ఛార్జ్ అవుతుంది, ఫలితంగా జతలో ఒకటి ముసలిదై రెండోది పడుచుగా మిగులుతుంది. చెవులు మార్చి మార్చి పెట్టుకోవడం ఖర్చులేని మందు.

చెమట తడితోనే బడ్‌ను ఛార్జింగ్ డబ్బాలో పెట్టేయడం ఇంకా ప్రమాదం. ఛార్జింగ్ పిన్నుల మధ్య కరెంటు ఉంటుంది, చెమటలో ఉప్పు ఉంటుంది, రెండూ కలిస్తే లోహం తినేసుకుపోతుంది. పిన్ను మీద నల్లటి చుక్క కనిపించాక ఆ బడ్ ఒక రోజు ఛార్జ్ అయి ఒక రోజు కాక సతాయిస్తుంది. నీటి తుంపరలను తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్4 గుర్తు రాసి ఉందిగా అంటారు. ఆ పరీక్ష కొత్త వస్తువు మీద మంచినీళ్లు చిలకరించి చేసేది. ఉప్పు చెరువు నీటికీ, పాతబడిన అంటింపులకూ అది పూచీ కాదు. సాధారణంగా డబ్బాకు ఆ పాటి రక్షణ కూడా ఉండదు. తడిసినవాటిని బియ్యంలో పాతిపెట్టే అలవాటు వరి పండించే మనకు సహజమే కానీ, తవుడు దుమ్ము జల్లెడలో దూరుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టడం మేలు.

బ్యాటరీని వాడేవారే మార్చుకోగల బడ్స్ అసాధ్యమేమీ కాదు. ఫెయిర్‌ఫోన్ సంస్థ 2024లో ఫెయిర్‌బడ్స్ పేరుతో అలాంటివి తెచ్చింది. మన దుకాణాల్లో మాత్రం అవి కనిపించడం లేదు. అందుకని చెరువుల మీద, పొలాల్లో పనిచేసేవాళ్లు నన్ను అడిగితే, 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నులతో వైరు ఊడదీసి మార్చుకోగల జత కొనమంటాను. వైరు తెగితే వైరొక్కటే కొనుక్కోవచ్చు, మార్చడానికి బ్యాటరీయే ఉండదు. కాకపోతే ఆ పిన్నులు కూడా ఉప్పుగాలికి చిలుము పట్టేవే, మాటిమాటికీ ఊడదీస్తే వాటి రంధ్రాలు వదులయ్యేవే. వైరును తగిలించే ఉంచి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి పెట్టాలి.