గుండె బొమ్మ వేయమంటే నవ్విన క్లాసు

బోర్డు మీద సుద్దముక్కతో పెద్ద గుండె గుర్తు గీసి ఇటు తిరిగేసరికి ఏడో తరగతి మొత్తం నవ్వుతోంది. వెనక బెంచీల్లోంచి ఎవరో ఇద్దరి పేర్లు కలిపి గట్టిగా అన్నారు. అందులో ఒక పేరు గల అమ్మాయి తల దించుకుంది. పీరియడ్ అయ్యేదాకా మళ్లీ ఎత్తలేదు. నేను గబగబా బోర్డు తుడిచేసి, కుర్చీ మీద ఒక బ్యాగు పెట్టి దాన్ని చూసి గీయమన్నాను. ఇంటికి వెళ్లాక కూడా ఆ అమ్మాయి ముఖమే కళ్లలో మెదులుతూ ఉంది.

నేను డ్రాయింగ్ టీచర్‌ని. నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా చెబుతాను. ఆ ఏడాది పిల్లల ప్రదర్శన కోసం సైన్స్ టీచర్ గారూ నేనూ కలిసి ‘గుండె’ అనే అంశం ఎంచుకున్నాం. చేతిలో ఆరు వారాలు, ఒక్కో తరగతికి వారానికి రెండు పీరియడ్లు. ఏడో తరగతిలో మొదటి రోజు అలా జరిగింది. ఐదో తరగతిలో ఇబ్బంది ఇంకో రకం. ఎర్ర కాగితం మడిచి కత్తిరించి, మెరుపు పొడి చల్లి, పది నిమిషాల్లో "అయిపోయింది టీచర్" అంటూ లైను కట్టారు. మిగిలిన 30 నిమిషాలు వాళ్లతో ఏం చేయించాలో నాకు తోచలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే రెండు తరగతుల సమస్యా ఒకటేననిపించింది. ఆ ఆకారం పిల్లలకు ముందే తెలుసు. తెలిసినదే కదా అని పదేళ్లవాళ్లు దాన్ని చూడకుండానే గీసేస్తారు. పన్నెండేళ్లవాళ్లకు దాని అర్థం కూడా తెలుసు కాబట్టి సిగ్గుపడతారు, సిగ్గును దాచుకోవడానికి పక్కవాళ్లను ఏడిపిస్తారు. బుర్ర పెట్టి చేయాల్సిన పని ఇస్తే రెండూ తగ్గుతాయేమో చూద్దామనుకున్నాను. వేసుకున్న ప్లానంతా పక్కన పెట్టేశాను.

మరుసటి పీరియడ్‌లో గుండె అనే మాటే ఎత్తలేదు. ఒక్కొక్కరికీ 12 సెంటీమీటర్ల నల్ల చదరం, అంతకు రెట్టింపు వెడల్పున్న తెల్ల కాగితం ఇచ్చాను. చదరం అంచు నుంచి ఒక సగం ఆకారం కత్తిరించాలి. ఆ ముక్కను అద్దంలో ప్రతిబింబంలా అంచుకు అవతలికి తిప్పి అతికించాలి. చిన్న ముక్క కూడా పారేయకూడదు. నలుపు తెలుపులు సమానంగా మాట్లాడుకునే ఈ పద్ధతిని జపాన్‌లో నోటాన్ అంటారు. మొదట ఆకులు, గిన్నెలు కోయించాను. తర్వాత "సగం గుండె ప్రయత్నించండి" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు, ఎందుకంటే అప్పటికి అందరూ లెక్కలో పడిపోయారు. సగం కోసిన చోట తెలుపు, తిప్పి అతికించిన చోట నలుపు, రెండూ కలిస్తే నిండు గుండె. ముక్కను తిప్పకుండా అలాగే పక్కకు జరిపి అతికిస్తే గుండె రాదు, రెండు భాగాలూ ఒకే వైపుకు చూస్తూ ఉంటాయి. సగం మంది మొదటిసారి అలాగే చేశారు. ఆ తప్పును వాళ్లే కనిపెట్టి వాళ్లే సరిచేసుకున్నారు కాబట్టి నేను వేలు పెట్టలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. జిగురు ముందే ఇస్తే పని పాడవుతుంది. అన్ని ముక్కలూ కోసి, కాగితం మీద సర్ది, నాకు చూపించాకే జిగురు ఇచ్చేదాన్ని.

తర్వాతి వారం ఆయిల్ పాస్టెల్స్. అమెరికన్ చిత్రకారుడు జిమ్ డైన్ గురించి చెప్పాను. 1935లో పుట్టిన ఈయన 1960ల నుంచి దశాబ్దాల పాటు ఇదే ఆకారాన్ని మళ్లీ మళ్లీ వేశారు. ఆకారం మారదు, లోపలి రంగులు, గీతలు, చెరుపులు మారతాయి. పిల్లలకు ఈ సంగతి బాగా నచ్చింది. గుండె లోపల ఎరుపు, నారింజ లాంటి వేడి రంగులు, బయట నీలం, ఆకుపచ్చ లాంటి చల్లని రంగులు వేయాలని మాత్రం చెప్పి వదిలేశాను. బాగానే వచ్చాయి. కాకపోతే మోచేతులతో రంగంతా పులిమేసుకున్నారు. చెయ్యి కింద పెట్టుకోవడానికి ఒక రఫ్ కాగితం ముందే ఇచ్చి ఉండాల్సింది.

నాకు బాగా గుర్తుండిపోయినది మూడో వారం. సైన్స్ టీచర్ గారు క్లాసుకు వచ్చి అసలు గుండె బొమ్మ చూపించారు. "ఇది మన గుర్తులా లేదేంటి సార్?" అని వెంటనే అడిగారు. ఎవరి గుండె దాదాపు వాళ్ల పిడికిలంత ఉంటుందని ఆయన చెప్పగానే అందరి చేతులూ బిగుసుకున్నాయి. నేను అక్కడే పట్టుకున్నాను. ముందు ఎడమ పిడికిలి చూసి గీయమన్నాను, వేళ్ల మడతలతో సహా. దాని పక్కనే అదే కొలతలో గుండె గీయాలి. మొన కాస్త ఎడమకు వాలి ఉండాలి, పైన బృహద్ధమని కొక్కెంలా వంగాలి. మన ఎదురుగా ఉన్న మనిషి గుండె కాబట్టి ఆయన ఎడమ మన కుడి వైపు వస్తుంది. ఈ ఒక్క విషయం దగ్గర ఆరో తరగతి పావుగంట తగువులాడుకుంది, చివరికి ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి చూసుకున్నారు.

లియొనార్డో డావిన్చీ సంగతి కూడా అప్పుడే చెప్పాను. 1513 ప్రాంతంలో ఆయన ఎద్దు గుండెను కోసి చూసి బొమ్మలు వేశారు. రక్తం కవాటం దగ్గర ఎలా సుడి తిరుగుతుందో తెలుసుకోవడానికి గాజు నమూనా తయారు చేయించి, అందులో గడ్డి గింజలు కలిపిన నీళ్లు పారించి గమనించారు. "బొమ్మ వేయడానికి అంత చేశారా?" అన్నాడొకడు. తెలుసుకోవడానికే ఆయన బొమ్మ వేసేవారని చెప్పాను. ఇంకొకటి కూడా సరిచేయాల్సి వచ్చింది. పుస్తకంలో నీలం రంగు చూసి చాలామంది సిరల్లో నీలం రక్తం ఉంటుందనుకుంటున్నారు. అది గుర్తుపట్టడానికి వేసిన రంగేననీ, ఆక్సిజన్ తగ్గిన రక్తం కూడా ముదురు ఎరుపేననీ సార్ చెప్పారు. కొందరు వెంటనే నీలం తీసేసి రెండు రకాల ఎరుపులు కలుపుకున్నారు. ఆ రెండు ఎరుపుల బొమ్మలే నాకు ఎక్కువ నచ్చాయి.

అదే వారం నాడి లెక్క పెట్టించాం. మణికట్టు మీద వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. ఒక అబ్బాయికి 21 వచ్చింది, అంటే నిమిషానికి 84. కాగితం మధ్యలో చిన్న గుండె గీసి, దాని నుంచి అంచుల దాకా 84 గీతలు స్కేలుతో గీయమన్నాను. తర్వాత అందరినీ గెంతించి మళ్లీ లెక్కపెట్టించాను. అతనికి ఈసారి 33, అంటే 132. రెండో కాగితం మీద 132 గీతలు. రెండూ పక్కపక్కన పెడితే క్లాసులో చప్పుడు ఆగిపోయింది. మొదటిది నిదానంగా ఉంది, రెండోది చూస్తుంటే గీతలు కదులుతున్నట్టే ఉంది. 1960లలో బ్రిటిష్ చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ ఉత్త నలుపు తెలుపులతోనే ఇలాంటి కదలిక తెప్పించారని చెప్పి ఆమె చిత్రం చూపించాను. ఏ ఇద్దరి కాగితాలూ ఒకలా రాలేదు. నాలుగు, ఐదు తరగతులకు మాత్రం ఇన్ని గీతలు ఎక్కువ. వాళ్లతో 15 సెకన్ల లెక్కే గీయించాను, అదీ బాగుంది.

నాలుగో వారం నేను ముందు అనుకోనిది. ఒక పిల్ల పరీక్ష గురించి మాట్లాడుతూ "గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి టీచర్" అంది. మన భాషలో గుండె ఎన్ని పనులు చేస్తుందో అప్పుడు తట్టింది నాకు. బోర్డు మీద రాయమంటే వరసగా రాశారు: గుండె జారింది, గుండె చెరువైంది, గుండె రాయి చేసుకున్నాడు, గుండె గుభేలుమంది, గుండెల మీద కుంపటి, గుండెలు తీసిన బంటు. కుంపటి అంటే ఏమిటో సగం మందికి తెలియదు. దానికి కొంత సమయం పట్టింది. తర్వాత ఒక్కొక్కరూ ఒక మాట ఎంచుకుని, ఆ మాట నిజంగా జరిగితే ఎలా ఉంటుందో అలా వేయాలి. భావం వేయకూడదు, మాటనే వేయాలి.

రైలు బొమ్మలు చాలా వచ్చాయి. ఒకడు నాలుగు గదులను నాలుగు ప్లాట్‌ఫారాలు చేశాడు, కవాటాల దగ్గర సిగ్నళ్లు పెట్టాడు. పోయిన వారం సైన్సు పాఠం ఇక్కడ తేలింది. ‘గుండె చెరువు’ వేసిన పిల్ల పైనుంచి చూసినట్టు వేసింది, గట్టు ఒకచోట తెగి నీళ్లు కాగితం అంచు దాకా పారుతున్నాయి. మొదటి రోజు తల దించుకున్న అమ్మాయి ‘గుండెలు తీసిన బంటు’ తీసుకుంది. ఒక సైనికుడు బుడగల గుత్తిలా దారాలు కట్టిన గుండెలు పట్టుకుని, ఛాతీ విరుచుకుని నడుస్తున్నాడు. పేజీ నిండా ఆ ఒక్క మనిషే. ఆ బొమ్మ క్లాసంతా చేతులు మారింది.

ఇక్కడిదాకా బాగానే వచ్చాం. ఐదో వారం తప్పు నాదే. మనసు మ్యాపు అని ఒక పని ఉంది. గుండె ఆకారాన్ని దేశపటంలా భాగాలు చేసి, తమకు ఇష్టమైన మనుషులు, చోట్లు, జ్ఞాపకాలు ఎవరికి ఎంత జాగా ఇస్తారో అంత ఇవ్వాలి. ఎనిమిదో తరగతిలో ఇది చేయించాను. పూర్తయినవి గోడకు పెడదామన్నాను. ఒక అబ్బాయి మ్యాపులో సగం భాగం మీద నల్ల స్కెచ్ పెన్‌తో రుద్దుతూ కనిపించాడు. కాగితం చిరిగేదాకా రుద్దాడు. "ఏమైంది నాన్నా?" అంటే "గోడకు పెడతారన్నారు కదా టీచర్" అన్నాడు. అక్కడ ఏం రాశాడో నేను అడగలేదు. మనసులోది రాయమని, రాశాక అందరికీ చూపిస్తానన్నాను. పిల్లలకు అది ఎంత టెన్షనో నాకు ముందే తట్టాల్సింది. ఆ పూటే అందరికీ చెప్పాను, ఈ మ్యాపులు గోడకు ఎక్కవు, నేను కూడా చూడను, ఎవరి కాగితం వాళ్ల దగ్గరే ఉంటుందని.

అయితే చేసిన పని ఊరికే బ్యాగుల్లో నలిగిపోవడం ఇష్టం లేకపోయింది. అప్పుడు డెన్మార్క్ అల్లిక గుండెలు గుర్తొచ్చాయి. రెండు రంగుల కాగితాలతో అల్లితే లోపల జేబు ఉన్న గుండె వస్తుంది. ఇప్పటిదాకా దొరికిన వాటిలో అన్నిటికంటే పాతది, కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినదంటారు. ఈ జేబులో మ్యాపు మడిచి పెట్టుకోవచ్చు.

కొలతలు నాకు కుదిరినవి ఇవి. ప్రతి కాగితం 21 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు. సగానికి మడిస్తే 10.5. మడత లేని వైపు అర్ధ చంద్రంలా గుండ్రంగా కోయాలి. మడత వైపు నుంచి లోపలికి 7.5 సెంటీమీటర్లు, సమాన దూరంలో రెండు గాట్లు. మూడు పట్టీలు వస్తాయి. గాటు సరిగ్గా 7 దగ్గర ఆపితే అల్లిక బిగుసుకుని చివరి పట్టీ దూరదు, ఆ అర సెంటీమీటరే మొత్తం పని కాపాడుతుంది. చాప అల్లినట్టు పైకీ కిందికీ అల్లితే జేబు తెరుచుకోదు. ప్రతి పట్టీ రెండు పొరలది కదా, ఎదుటి పట్టీ పొరల మధ్యలోంచి ఒకసారి దూరాలి, తర్వాతి పట్టీని తన పొరల మధ్యకు తీసుకోవాలి. రెండో వరస దీనికి తలకిందులు.

చెప్పడం తేలికే. చార్ట్ కాగితం మందంగా ఉండి మొదటి పీరియడ్‌లో పదికి పైగా చిరిగాయి. మామూలు రంగు కాగితానికి మారాం. చేతుల్లో ఓర్పు ఎక్కువున్నవాళ్లు ముందు నేర్చుకుని పక్కవాళ్లకు చూపించారు. వాళ్లలో నల్ల స్కెచ్ పెన్ అబ్బాయి ఒకడు. ఆరుగురికి నేర్పాడు, నోటితో చెప్పకుండా వాళ్ల చేతుల్లోని పట్టీలనే మెల్లగా తిప్పి చూపిస్తూ. నాలుగో తరగతికి ఒక్క గాటుతో రెండేసి పట్టీలే పెట్టాను, అయినా అక్కడ సగం మంది ఏడ్చినంత పని చేశారు. వచ్చేసారి వాళ్లకు ఇది ఇవ్వను.

ప్రదర్శన రోజు గోడ మీద నోటాన్ చదరాలు, గీతల జంటలు, రైళ్లు, చెరువులు పెట్టాం. వాటి ముందు దారాలకు అల్లిక గుండెలు వేలాడదీశాం, లోపల మడిచిన కాగితాలతో. ‘దయచేసి తెరవకండి’ అని ఎనిమిదో తరగతివాళ్లే రాసి పెట్టారు. చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్లు లోపల ఏముందని అడిగితే "అది మాది" అన్నారు. ఎవరూ తెరవలేదు, నేను పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను.

సాయంత్రం అన్నీ దించేటప్పుడు ఆ అబ్బాయి వచ్చి తన గుండె విప్పుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి చొక్కా జేబులో పెట్టుకుని, ఖాళీ గుండెను నా చేతికిచ్చాడు. "ఇది మీరు ఉంచుకోండి టీచర్. ఇంటి దగ్గర ఇంకోటి చేసుకుంటాను, ఈసారి నాలుగు పట్టీలతో" అన్నాడు.