కాటుక భరిణె పేరున్న తుపాకి

మొరాకోలో ఎల్ జదీదా దగ్గర జోర్ఫ్ లస్ఫర్‌లో ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంట్‌లో ఫిట్టర్‌ని. ఆగస్టు వచ్చిందంటే మాకు షిఫ్టుల టెన్షన్. మౌలే అబ్దల్లా తిరనాళ్లకు సగం మంది మొరాకో వాళ్లకు సెలవు కావాలి. ఈసారి నాతో పంపుల దగ్గర పనిచేసే కుర్రాడు, "ఖూయా (అన్నా), మా బాబాయి తబూరీదాలో స్వారీ చేస్తున్నాడు, రా" అని లాక్కెళ్లాడు. తబూరీదా అంటే గుర్రాల మీద దౌడు తీస్తూ తుపాకులు పేల్చే ప్రదర్శన.

అందరూ గుర్రాలు చూస్తుంటే నా కన్ను తుపాకి మీద పడింది. దాన్ని 'మ్‌కహ్లా' అంటారు. అరబ్బీలో ఆ మాటకు కాటుక భరిణె అని అర్థం. మనవైపు బర్మారు లాగే నోట్లోంచి మందు కూరే రకం, కానీ నిలబెడితే దాదాపు నా ఎత్తు. సన్నని గొట్టాన్ని ఇత్తడి, వెండి పట్టీలతో కర్రకు బిగించారు. మడమ దగ్గర ఎముక ముక్కలు పొదిగారు.

వాళ్ల తాత నాటి ఆ తుపాకిని ఖాళీగా ఉన్నప్పుడు బాబాయి నా చేతికిచ్చాడు. దాని యంత్రం 16వ శతాబ్దపు ఐరోపా పద్ధతి. అక్కడ ఎప్పుడో మూలపడ్డా, ఇక్కడి పనివాళ్లు 19వ శతాబ్దం దాకా చేస్తూనే వచ్చారు. రంజకం, అంటే ముందుగా అంటుకునే మందు, పోసే చిన్న గిన్నెకు మూత వేరు, నిప్పు రాల్చే ఉక్కు పలక వేరు. మీట నొక్కితే చెకుముకిరాయి పట్టుకున్న కొక్కెం పలకను కొడుతుంది, అదే ఊపులో మూత దానంతటదే జరుగుతుంది. పలకను ముందుకు తోసేసి ఉంచితే రాయికి తగలడానికేమీ ఉండదు, పేలదు. అచ్చం మా ప్లాంట్‌లో యంత్రాన్ని పొరపాటున నడవనివ్వని ఇంటర్‌లాక్!

2021లో యునెస్కో జాబితాకెక్కిన ఈ తబూరీదాలో గుండు ఉండదు, మందు మాత్రమే. వరసగా దౌడు తీసి, నాయకుడి కేకకు అందరూ ఒక్కసారే పేల్చాలి. చప్పుడు ఒక్కటే వినపడాలి. చిక్కంతా అక్కడే. రంజకం మంట చిన్న కంతలోంచి లోపలి మందును చేరాలి కదా. రాయి అరిగినా, మందు చెమ్మగిల్లినా ఆ క్షణం సాగుతుంది. అట్లాంటిక్ ఒడ్డున చెమ్మకేం తక్కువ!

ఢాం! పొగ. దీపావళికి ఇంట్లో సూరేకారం, గంధకం, బొగ్గు నూరినప్పటి వాసన. ముక్కు ఆ వాసనలో ఉండగానే, వెనకాల ఒంటరిగా ఇంకో ఢాం.

బాబాయిదే.

ఆయన ఎవరి మొహమూ చూడకుండా గుడారంలోకి పోయాడు. కుర్రాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "సోమవారం నీ పంపు సీల్ నేనే మారుస్తా, ఆయన ముందు మాత్రం నవ్వకు" అన్నాడు.