పాత ఇంటికి రంగు డబ్బా కొనే ముందు చేయాల్సిన పనులు

దసరాకు ఇంటికి రంగులు వేయించడం మన దగ్గర ఆనవాయితీ. ముప్పై నలభై ఏళ్ల ఇంటికి మాత్రం ఆ ముహూర్తం కలిసిరాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కోసారి అక్టోబరులో కూడా వాన తాగిన గోడ అప్పటికి లోపల తడిగానే ఉంటుంది. చేయి పెడితే పొడిగా అనిపిస్తుంది. దాని మీద లప్పం (పుట్టీ) పెట్టి ఎమల్షన్ (ప్లాస్టిక్ రంగు) వేశారంటే లోపలి తేమకు బయటికి వచ్చే దారి ఉండదు. ఎండలు ముదిరేసరికి పొక్కులు లేచి పెచ్చులు ఊడతాయి. హైదరాబాద్‌లో పాత గోడలకు మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. పండక్కి చేయించాలనుకుంటే సంక్రాంతికి పెట్టుకోండి. వానాకాలంలో చేయాల్సింది ఒక్కటే: నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూసి, మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసిపెట్టడం.

మరక ఎంత ఎత్తులో ఉందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. సీలింగు అంచున, గోడ మూలలో ఉంటే డాబా మీద పిట్టగోడ, స్లాబు కలిసే చోట పగులు ఉన్నట్టు. గోడ మధ్యలో ఒక్కచోటే ఉంటే అవతలి వైపు బాత్రూమో, గోడలో నడిచిన నీళ్ల పైపో కారణం. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు, పై అంచు వంకరటింకరగా, తెల్లటి ఉప్పు తేలి ఉంటే అది భూమిలోంచి ఎక్కుతున్న చెమ్మ. అనుమానం తీరకపోతే అడుగున్నర చదరపు పాలిథిన్ కవరు గోడకు ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజంతా వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే తేమ గోడలోంచి వస్తోంది. బయటి వైపు చుక్కలుంటే గదిలో గాలి ఆడడం లేదు, కిటికీ తెరిస్తే చాలు.

చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా డాబాకే ఇవ్వండి. పైనుంచి కారుతుంటే కింద ఎంత ఖరీదైన రంగు వేసినా దండగే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తీగ బ్రష్‌తో పాచి, మట్టి గీకించండి. పగుళ్లను పావు అంగుళం లోతుకు వి ఆకారంలో తెరిచి, దుమ్ము ఊది, పగుళ్లు నింపే పేస్టు కూరాలి. పగులు మీద పైపైన సిమెంటు పాలు పోసే పద్ధతి పనికిరాదు. ఎండకు స్లాబు సాగి, చలికి ముడుచుకుంటుంటే ఆ పలుచటి పొర మొదటి వేసవిలోనే చీలిపోతుంది. పిట్టగోడ పొడవునా మూలలో గుండ్రంగా తీర్చే గోలా ఊడి ఉంటే, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుకతో, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్లీ కట్టించాలి. తర్వాత తూములు మూసి, అంగుళం లోతు నీళ్లు ఒక రోజు నిలబెట్టి కింద చూసుకోండి. కర్ర దూలాల మీద కట్టిన పాత మిద్దెలకు మాత్రం ఈ నీళ్ల పరీక్ష పెట్టొద్దు, ఆ బరువూ ఆ తడీ రెండూ ప్రమాదమే. చివర్లో తెల్లటి పూత వేయిస్తే కింది గదిలో వేడి కూడా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది ఇలాంటి పూతల గురించే.

భూమిలోంచి ఎక్కే చెమ్మ సంగతి వేరు. పాత కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇల్లు పల్లమైపోయింది. పునాది మట్టానికి పైకి మట్టి చేరింది. ముందు బయట గోడ వెంట ఆ మట్టి తవ్వి తీయించండి. పూలకుండీలు జరిపి, వాన నీళ్లు గోడకు దూరంగా పారేలా వాలు పెట్టించండి. దీనికి ఒక రోజు కూలి, మీ పర్యవేక్షణ చాలు. లోపల తేలిన ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, ఆరగానే ఇంకా పైకి తేలుతుంది. ఈ మాట పనివాళ్లకు ముందే చెప్పండి, ఎందుకంటే వాళ్లు మొదట అందుకునేది నీళ్ల బకెట్టే.

ఇక గోడ దేనితో కట్టిందో తెలుసుకోవాలి. అల్మారా వెనక స్క్రూడ్రైవర్ మొనతో గీయండి. మెత్తగా పొడి రాలితే సున్నం గిలాబు (ప్లాస్టరు), గీత మాత్రమే పడితే సిమెంటు. పాత బస్తీ, చాదర్‌ఘాట్, సుల్తాన్ బజార్ వైపు పాత ఇళ్లలో సున్నం గోడలు ఇంకా ఉన్నాయి. సున్నం గోడ లోపలి తేమను గాలికి వదులుతూ ఉంటుంది. ఊడిన చోట సిమెంటు మెత్తి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆ తేమ పక్కకు జరిగి ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. ఊడిన భాగాన్ని మరక పైన మరో అడుగు దాకా కొట్టి, కొన్ని వారాలు ఆరనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతోనే పూయించండి.

అలాంటి గోడలకు వెల్ల వేయడమే అన్నిటికంటే చవక, చూడ్డానికీ బాగుంటుంది. 5 కిలోల రాతి సున్నానికి 25 లీటర్ల నీళ్లు. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే మరిగి చిమ్ముతుంది, కళ్లకు ప్రమాదం. కళ్లద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. ఒక రోజు నానాక పలుచటి గుడ్డలో వడకట్టి, 100 గ్రాముల తుమ్మ బంక వేడినీళ్లలో కరిగించి కలపండి. తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు. గోడను కాస్త తడిపి మూడు పూతలు, ఒక్కోటి పలుచగా వేయాలి. చిక్కగా ఒకేసారి వేస్తే పొరలు పొరలుగా రాలుతుంది. ఇదివరకే ఎమల్షన్ వేసిన గోడ మీద వెల్ల నిలవదని గుర్తుంచుకోండి.

సిమెంటు గోడలకు ఎమల్షన్ వేసుకోవచ్చు. అరచేతితో రుద్దితే తెల్ల పొడి అంటుకుందంటే పాత డిస్టెంపర్ ఇంకా ఉన్నట్టే, దాన్ని గీకి కడగకుండా ప్రైమర్ వేస్తే కొత్త రంగు ఆ పొడినే పట్టుకుని ఊడుతుంది. లెక్క ఇలా వేసుకోండి: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. ఒక తలుపు, ఒక కిటికీ పోతే దాదాపు 400. ప్రైమర్ ఒక పూతకు 4 లీటర్లు, ఎమల్షన్ రెండు పూతలకు 7 నుంచి 8 లీటర్లు. అంటే నాలుగు లీటర్ల డబ్బాలు రెండు. రెండూ ఒకే బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టించండి, లేకపోతే రెండో డబ్బా తెరిచిన గోడ దగ్గర రంగు తేడా కొడుతుంది. గోడంతా లప్పం పెట్టాలంటే 40 కిలోల బస్తా దాదాపు అయిపోతుంది. గుంతలకే పెడితే 5 నుంచి 10 కిలోలు సరిపోతుంది. మెటీరియల్ మీరు కొని, కూలి మాత్రం మాట్లాడుకోండి. అప్పుడు ప్రైమర్‌లో ఎన్ని నీళ్లు కలుస్తున్నాయో మీ కళ్ల ముందే ఉంటుంది.

పాత గోడలు ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు సమంగా ఉండవు. మెరిసే రంగు వేస్తే కిటికీ పక్క నుంచి ఏటవాలుగా పడే పొద్దుటి వెలుతురులో ప్రతి ఎత్తూ పల్లమూ లెక్కపెట్టొచ్చు. మెరుపు లేని మ్యాట్ రంగు వేస్తే అదే గోడ నున్నగా కనిపిస్తుంది. గోడంతా లప్పంతో సాపు చేయించే ఖర్చు ఇక్కడే మిగులుతుంది.

తలుపుల మీద ఎనామిల్ రంగు పొరలు పేరుకుని ఉంటే, కింద టేకు ఉందేమో పై అంచున, పైకి కనిపించని చోట గీకి చూడండి. టేకైతే ఆ రంగు తీయించడం కొత్త తలుపు కన్నా ఎంతో నయం. కానీ పొడిగా గరుకు కాగితంతో రుద్దించొద్దు. ఇళ్ల రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని పరిమితం చేసిన నిబంధనలు 2017 నవంబరులో అమల్లోకి వచ్చాయి, అంతకు ముందు రంగుల్లో సీసం ఉందనే అనుకోవాలి. ఆ దుమ్ము పిల్లలకు విషం. రంగు తీసే మందు బ్రష్‌తో పూసి, పావుగంట ఆగి, ఉబ్బిన పొరను రేకుతో గీకి కాగితంలో చుట్టి పారేయాలి. ఆ పని కిటికీలు తెరిచి, తొడుగులు వేసుకుని చేయాలి. మేకుల చిల్లులకు సన్నటి టేకు పొట్టు, ఫెవికాల్ ముద్ద. రంగు పూర్తిగా పోయాక 120, 180, 320 నంబరు కాగితాలు వరసగా, చెక్క నార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దిన గీత పాలిష్ వేశాక ఇంకా తేలుతుంది. లోపలి తలుపులకు లక్క పాలిష్ చాలు. వాన జల్లు తగిలే వీధి తలుపుకు వేస్తే తెల్లబారుతుంది, దానికి బయటి వాడకానికి తయారుచేసిన పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించండి. ఇత్తడి గడియలు మార్చకండి, చింతపండు, ఉప్పుతో తోమి వెంటనే కడిగి ఆరబెట్టండి. ఒకటి పోయి జత కుదరకపోతే పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో గురువారం వెతకండి.

నేల విషయంలో ఒకే మాట గట్టిగా చెప్పాలి: యాసిడ్ పోయకండి. షాబాద్ బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయి. యాసిడ్ తగిలితే నురగ వచ్చి పై నునుపు తినేస్తుంది, మర్నాటి నుంచి మురికి ఇంకా త్వరగా పడుతుంది. మొజాయిక్‌లో ఉన్నవీ పాలరాతి ముక్కలే. వీటికి కావాల్సింది మెషిన్ పాలిష్. ముతక రాయితో ఒకసారి తిప్పాక, కన్నాల్లో తెల్ల సిమెంటును ఆ నేల రంగు ఆక్సైడ్‌తో కలిపి నింపి, మూడు రోజులు తడిపి ఆరనివ్వాలి. తర్వాత 120, 220, 320 రాళ్లు. ఈ నింపే పని తొందరపెడితే మెషిన్ తిరిగినప్పుడు అదంతా ఊడి వస్తుంది. పాలిష్ బురద గోడ మీద అడుగు ఎత్తున చిమ్ముతుంది కాబట్టి గోడకు చివరి పూత దీని తర్వాతే. ఆ బురదను డ్రైనేజీలో పోయనివ్వొద్దు, లోపల గట్టిపడి పైపు మూసుకుపోతుంది. ఎర్ర ఆక్సైడ్ గచ్చుకు మెషిన్ అక్కర్లేదు, సబ్బు నీళ్లతో కడిగి మైనం పాలిష్ రుద్దితే చాలు.

బోరు నీళ్ల తెల్ల మరకలకు లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు, పింగాణీ టైళ్లకూ కుళాయిలకూ మాత్రమే. పది నిమిషాలు ఉంచి కడిగేయండి. రాతి నేల మీద ఒక్క చుక్క పడనివ్వొద్దు.

దీపాలు కొనడానికి కోఠి ట్రూప్ బజార్‌కు వెళ్లే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. వైర్లు గుడ్డ చుట్టినవో, అల్యూమినియంవో అయితే లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాలి. గోడలు కొట్టే పని కాబట్టి ఇది రంగులకు ముందే అయిపోవాలి. పడగ్గదికీ హాలుకూ 3000 కెల్విన్ పసుపు వెలుగు, వంటగదికి 4000.

పరదాలకు కిటికీ వెడల్పుకు రెండింతల గుడ్డ కావాలి. నాలుగు అడుగుల కిటికీకి 48 అంగుళాల పన్నా గుడ్డ రెండు ముక్కలు, ఒక్కోటి కావాల్సిన పొడవుకు పది అంగుళాలు ఎక్కువ. నూలు గుడ్డయితే కుట్టించే ముందే తడిపి ఆరేయండి, లేదంటే మొదటి ఉతుకుకే కురచవుతుంది.