కొత్త రూటర్ వెతుకులాట: చూపంతా ల్యాన్ పోర్టు మీదే

నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే పెట్టె) డిస్కులు అమర్చి ఫోటోలు, వీడియోలు అందులోకి ఎక్కించడం అయింది. ఇక మిగిలింది రూటర్. పాతది వై-ఫై 5 రకం, పోర్టులన్నీ గిగాబిట్. కొత్తది కొనేముందు వేగం ఎక్కడ ఆగుతోందో తేలాలి కదా, అందుకని ముందు కొలతలు తీశాను.

నాస్‌లో ఐపెర్ఫ్3 అనే వేగం కొలిచే ప్రోగ్రామ్‌ని సర్వర్‌గా నడిపి ల్యాప్‌టాప్ నుంచి పరీక్ష పెట్టాను. ఇది డిస్కు జోలికి పోదు కాబట్టి నెట్‌వర్క్ వేగం ఒక్కటే విడిగా తెలుస్తుంది. కేబుల్ మీద సెకనుకు 940 మెగాబిట్ల దాకా వచ్చింది. గిగాబిట్ పోర్టు ఇవ్వగలిగింది అంతే. ఫైల్ కాపీ చేస్తే అది సెకనుకు 110 మెగాబైట్ల పైచిలుకు (ఎనిమిది బిట్లు ఒక బైటు). వై-ఫై మీద అదే గదిలో 500 మెగాబిట్లు, గోడ అవతల 200 లోపే. ఈ డేటా అంతా ఇంట్లోనే తిరుగుతుంది కాబట్టి ఇంటర్నెట్ ప్లాన్ పెంచినా ఈ అంకెలు మారవు.

తర్వాత రూటర్ల స్పెసిఫికేషన్లు చదవడం మొదలుపెట్టాను. ఏఎక్స్6000 అని ఉంటే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1148, 5 గిగాహెర్ట్జ్‌లో 4804 మెగాబిట్లు కూడి, కాస్త పైకి సవరించిన అంకె అది. ఒక్క ల్యాప్‌టాప్‌కి అంతా రాదు. ల్యాప్‌టాప్‌ల్లో, ఫోన్లలో సాధారణంగా ఉండేవి రెండు యాంటెన్నాలే. వై-ఫై 6లో వాటికి 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ మీద 1201, 160 మీద 2402 మెగాబిట్ల లింక్ కుదురుతుంది. దగ్గరగా కూర్చుంటే అందులో మూడింట రెండు వంతులు చేతికొస్తే బాగా వచ్చినట్టే.

అంటే 160 మెగాహెర్ట్జ్ మీద వై-ఫై వేగం సుమారు 1600. నాస్ మాత్రం గిగాబిట్ పోర్టుకే తగిలించి ఉంటే 940 దగ్గరే ఆగిపోతుంది! చాలా రూటర్లలో 2.5 గిగాబిట్ పోర్టు ఒక్కటే ఉంటుంది, అదీ వ్యాన్ కోసం, అంటే బయటి ఇంటర్నెట్ లైన్ కోసం. ఇంటర్నెట్ వేగం ముఖ్యమైనవాళ్లకి అది చాలు, నాస్ ఉన్నవాళ్లకి చాలదు, ల్యాన్ వైపు, అంటే ఇంట్లోని పరికరాల వైపు, ఇంకొకటి కావాలి. అందుకే 2.5 గిగాబిట్ పోర్టులు రెండు లేని మోడళ్లన్నీ పక్కన పెట్టేశాను. జాబితా ఒక్కసారిగా చిన్నదైపోయింది, ఎంత హాయిగా అనిపించిందో.

రూటర్ యూఎస్‌బీ పోర్టుకే డిస్కు తగిలిస్తే నాస్ ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. అప్పుడప్పుడు ఫైల్ పంచుకోవడానికి పర్వాలేదు. రోజూ బ్యాకప్‌కి మాత్రం నాకు నచ్చదు. రూటర్ ప్రాసెసర్ మీద భారం పడుతుంది. కొన్ని పాత మోడళ్లలో ఫైళ్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతి తప్ప వేరే లేదు, భద్రత లేని ఆ ప్రోటోకాల్‌ని ఇప్పటి విండోస్ మామూలుగా ఆన్ చేయదు. పైగా యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి అడ్డొస్తుంది.

వై-ఫై 7 గురించీ ఆలోచించాను. దాని 320 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు 6 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే ఉంటాయి. ఇంట్లో ఆ బ్యాండు అందుకునే పరికరం ఒక్కటీ లేదు. వై-ఫై 6నే తీసుకున్నాను.

బిగించాక వచ్చిన అంకెలు: అదే గదిలో 1500కి అటూ ఇటూ, గోడ అవతల 700. నాస్‌కి 2.5 గిగాబిట్ పోర్టు ముందునుంచే ఉంది, పాత క్యాట్ 5ఈ కేబుల్‌నే ఉంచాను, 100 మీటర్ల దాకా ఆ వేగానికి అది సరిపోతుంది. పెద్ద వీడియో కాపీ చేస్తే సెకనుకు 170 మెగాబైట్లు దాటుతోంది. హార్డ్ డిస్కు వేగం కూడా ఇంచుమించు ఆ స్థాయిదే, ఇక రూటర్‌ని అనడానికి లేదు. 160 మెగాహెర్ట్జ్ పెట్టేవాళ్లకి ఒక మాట: 5 గిగాహెర్ట్జ్‌లో ఆ ఛానెళ్లు చాలావరకు రాడార్లతో పంచుకున్నవి. రూటర్ ఆన్ చేశాక కనీసం ఒక నిమిషం విని చూసుకుని గానీ ప్రసారం మొదలుపెట్టదు. ఆ బ్యాండు వై-ఫై పేరు వెంటనే కనిపించలేదని టెన్షన్ పడక్కర్లేదు.

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాను, అంటే అది రూటర్ పని మానేసి లైన్‌ని నా రూటర్‌కి అందిస్తుంది. లేకపోతే రెండు రూటర్లూ ఒకదాని తర్వాత ఒకటి నెట్‌వర్క్ అడ్రసులు మారుస్తూ కూర్చుంటాయి. తర్వాతి పని 2.5 గిగాబిట్ స్విచ్, అంటే కేబుల్ పోర్టులు పెంచే పెట్టె. డెస్క్‌టాప్, నాస్ రెండూ దానికి తగిలించి, అక్కడినుంచి ఒక్క కేబుల్ రూటర్ 2.5 పోర్టుకి పోవాలి.