గుడి లేని రాజ్యలక్ష్మి

నిన్న రాత్రి పదకొండు దాకా ఒక్క పేరుతో కుస్తీ పట్టాను. మేము తయారుచేస్తున్న యాప్‌లో, జాబితాలో పేరులోని మొదటి 10 అక్షరాలే చూపాలని పరిమితి పెట్టాం. పరీక్ష కోసం 'రాజ్యలక్ష్మి' అని కొట్టాను. తెరపై 'రాజ్యలక్ష్' అని వచ్చింది. మా అమ్మ పేరది. కడుపులో దేవినట్టయింది.

కంటికి నాలుగే అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికదే విడి సంకేతం: మొత్తం 12. మా పరిమితి లెక్కపెట్టింది వీటినే. 'క్ష్మి' ఒక్కటే ఆరు! ఒత్తులను కలిపి ఒకే అక్షరంగా లెక్కించే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వెర్షన్‌లో చేరింది. దాన్ని పాటించే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వాడితే లెక్క కుదిరింది.

కొత్త ఫోను చేతికొస్తే అందరూ కెమెరా చూస్తారు, నేను ముందు తెలుగు ఎలా కనిపిస్తుందో చూస్తాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకూ ఇదే చెబుతాను: ఏడాదికో ఫ్రేమ్‌వర్క్ (యాప్‌లు కట్టే సాధనం) వెంట పరుగెత్తే ముందు, మీ ఇంట్లోవాళ్ల పేర్లు మీ ప్రోగ్రాములో కొట్టి చూడండి.

ఈ ఉదయం అమ్మకు తెర చూపించాను. కళ్లజోడు సవరించుకుని, పేరు మీద వేలు పెట్టి చదువుకుంది.