తిత్లీ రాత్రి గుర్తొచ్చింది

కాంట్రాక్టు ముగిసి రెండు నెలలైంది, మళ్లీ పిలుస్తామన్నారు, పిలవలేదు. నిన్న రాత్రి పర్లాకిమిడిలో ఒకటే వాన, కరెంటు లేదు, అద్దె ఎలా కట్టాలా అని టెన్షన్‌తో నిద్ర పట్టక కూర్చుంటే 2018 అక్టోబరు గుర్తొచ్చింది. తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన ఆ తెల్లవారుజామున మా ఇంటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మూలకి చేర్చి 46వ కీర్తన చెప్పించింది. బైబిలు తడిసి ముద్దయింది గానీ ఆమెకది కంఠతా వచ్చు. భూమి కదిలినా, కొండలు సముద్రంలో పడినా భయపడం అని. నాకైతే భయమేసింది, అబద్ధమెందుకు.

నిన్న మళ్లీ అదే తీసి ఫోన్ వెలుతురులో చదివాను. తుఫాను రాదని అందులో ఎక్కడా లేదు, ఆపదలో దేవుడు దగ్గరే ఉంటాడని ఉంది, ఇన్నేళ్లూ నేనది సరిగ్గా చదవనేలేదు. ఉద్యోగం ఇంకా రాలేదు, కానీ చదివాక నిద్రపట్టింది. ఆదివారం చర్చిలో (మా దగ్గర సగం పాటలు తెలుగు, సగం ఒడియా) సాక్ష్యం చెప్పాలనుంది.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. ముందు బియ్యం ఉన్నాయా అని అడిగింది, ప్రార్థన తర్వాత.