పుట్టువెంట్రుకలతో మిక్కీ ఊరికి

మా పెద్దదానికి ఆరేళ్లు. రెండేళ్లుగా దాని పాట ఒకటే, డిస్నీకి ఎప్పుడు వెళ్దామని. మేం ఉండేది అట్లాంటా దగ్గర కాబట్టి మరీ దూరమని సాకు చెప్పడానికీ లేదు. నిరుడు వేసవిలో వెళ్దామనుకుంటే నేను కడుపుతో ఉన్నాను. ఈ ఏడు అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చారు, అక్టోబరులో వాళ్ల తిరుగు ప్రయాణం. ఇక వాయిదా వేస్తే లాభం లేదని ఆగస్టు ఆఖరి వారంలో బయల్దేరాం. మా జార్జియాలో బడులు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, పిల్లల సెలవులు అయిపోయాక జనం పలచబడతారని మా ఆయన లెక్క. జనం లెక్క సరిపోయింది. ఎండ లెక్కే ఎవరూ వేయలేదు.

మా ఆయన ప్రయాణానికి ఎక్సెల్ షీటు తయారుచేశాడు. అందులో అందరికీ తలా ఒక వరస ఉంది, చంటోడికి తప్ప. మూడేళ్లలోపు పిల్లలకి అక్కడ టికెట్ అక్కర్లేదు, అందుకని వాణ్ణి సామాన్లలో కలిపేశాడు. పది నెలల పిల్లాడు, పాకుతాడు, పట్టుకుని నిలబడతాడు, అంతేగా అనుకున్నాం. మూడు రోజుల్లో ఆ షీటులో రాసుకున్నది రాసుకున్నట్టు జరిగింది ఒక్కటీ లేదు.

అట్లాంటా నుంచి డిస్నీ ఉన్న ఓర్లాండో 440 మైళ్లు. ఐ-75 మీద మేకన్, వాల్డోస్టా దాటి ఫ్లోరిడాలోకి దిగి, ఆ తర్వాత టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాలి. ఏడు గంటల దారి, మాకు పదిన్నర పట్టింది. కార్ సీట్లో వెనక్కి తిప్పి కట్టేస్తే వాడికి కనిపించేది సీటు వీపే. రెండు గంటలు దాటితే ఊరుకోడు. రెస్ట్ ఏరియా కనబడ్డ చోటల్లా దించడం, డైపర్ మార్చడం, పాలివ్వడం, గడ్డిలో కాసేపు పాకనివ్వడం, మళ్లీ కట్టేయడం, వాడు మళ్లీ రాగం అందుకోవడం. ఫ్లోరిడా సరిహద్దు దాటగానే ఉండే వెల్‌కమ్ సెంటర్లో చిన్న కప్పుల్లో కమలా రసం ఊరికే ఇస్తారు. మామయ్యగారు రెండు కప్పులు తాగి "మర్యాద తెలిసినవాళ్లే" అని సర్టిఫికెట్ ఇచ్చారు. డిక్కీలో సగం స్ట్రోలర్, సగం రైస్ కుక్కర్. డిస్నీ పక్కనే ఉన్న కిస్సిమ్మీ ఊళ్లో వంటగది ఉన్న గదులు చూసి తీసుకున్నాం. తెలుగువాళ్ల ప్రయాణం కదా.

మర్నాడు పొద్దున మ్యాజిక్ కింగ్‌డమ్, డిస్నీ పార్కుల్లో కోట ఉన్నది. అక్కడికి మన కారు నేరుగా గేటు దాకా వెళ్లదు. ఒకచోట పార్కింగ్‌లో పెట్టి, మధ్యలో ఉన్న చెరువుని మోనోరైల్లో చుట్టయినా వెళ్లాలి, ఫెర్రీ ఎక్కి దాటనైనా దాటాలి. ఆ పార్కింగ్‌లో ఒక వైపు వరసలకి కథల్లో హీరోల పేర్లు, ఇంకో వైపు విలన్ల పేర్లు. మాకు విలన్ల వైపు దొరికింది. "చంటిపిల్లాడితో వస్తే రాక్షసుల వీధిలో పెట్టించావేంట్రా" అన్నారు మామయ్యగారు. ఫెర్రీలో గాలి చల్లగా తగిలేసరికి, మూడో పాలు తాగిన చంటోడు నా భుజం మీద నిద్రపోయాడు. అవతలి ఒడ్డున కోట కనబడగానే పెద్దది కేకలు పెట్టింది. వాడు లేవలేదు. 189 అడుగుల కోట అది. 200 అడుగులకి చేరితే విమానాల కోసం నెత్తిన ఎర్రదీపం పెట్టాల్సి వస్తుందని అక్కడితో ఆపేశారట. సిండ్రెల్లా ఇంటి మీద సెల్ టవర్ లైటు ఊహించుకోండి!

అసలు గొడవ లోపలికి అడుగుపెట్టగానే మొదలైంది. మెయిన్ స్ట్రీట్ మొదట్లో పాతకాలపు మంగలి షాపు ఒకటి ఉంది. హార్మనీ బార్బర్ షాప్ అంటారు. పసిపిల్లలకి మొదటిసారి జుట్టు కత్తిరించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కత్తిరించాక మిక్కీ చెవుల టోపీ, ఒక సర్టిఫికెట్ ఇస్తారు. మా ఆయన నాకు కూడా చెప్పకుండా వాడి పేరున టైమ్ బుక్ చేశాడు. సర్‌ప్రైజ్ అట.

అత్తయ్యగారు స్ట్రోలర్ పట్టుకుని అక్కడే ఆగిపోయారు. "పుట్టువెంట్రుకలురా అవి! వెంకన్నవి. మొక్కుకున్నాను."

"అమ్మా, ఒక్క పాయ చాలు. గుండు చేయించట్లేదుగా."

"ఒక్క పాయ కత్తిరించాక అవి పుట్టువెంట్రుకలు ఎట్టా అవుతాయి?"

ఆ ప్రశ్నకి మా ఇంజినీరు దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు. డిసెంబరులో ఇండియా వెళ్లి తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు ఇద్దామని ముందే అనుకున్నాం. అందుకే వాడి జుట్టు కళ్లలో పడుతున్నా కత్తెర తాకించకుండా పైన పిలక కడుతున్నాను. ఆ పిలక, బుగ్గన దిష్టి చుక్క చూసి దారి పొడుగునా తెలియనివాళ్లు "ఎంత ముద్దుగా ఉంది ఈ పాప" అంటుంటే మేం దిద్దడం కూడా మానేశాం. నా మటుకు నాకు ఆ సర్టిఫికెట్ మీద కాస్త ఆశ లేకపోలేదు. కానీ అత్తయ్యగారి మొహం చూశాక నోరు మెదపలేదు.

చివరికి మామయ్యగారు "టైమ్ తీసుకున్నారుగా, పాడు చేయడమెందుకు" అంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, వెనకవైపు నాలుగు వెంట్రుకలు మిగిలిన తల. ఆ కత్తిరించినావిడ నవ్వుతూనే ఎంతో శ్రద్ధగా చేసింది. ఆఖర్న పిల్లల తల మీద చల్లే మెరుపుల పొడి కావాలా అని సైగ చేస్తే ఈయన తల ఊపారు. బయటికి వచ్చి నిలబడేసరికి ఎండలో ఆ తల తళతళ మెరుస్తోంది. చంటోడు అప్పుడే లేచి తాతయ్యని చూసి ఒకటే ఏడుపు. మిక్కీని చూస్తే ఏడుస్తాడని అందరూ భయపెట్టారు కదా, ఆ తర్వాత అరగంటకి మిక్కీ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం ఏడవలేదు. డాక్టరుని చూసినట్టు సీరియస్‌గా చూసి, ముక్కు పట్టుకుని వదల్లేదు. ఫొటోలో మిక్కీ ముక్కు, మావాడి పిలక తప్ప ఇంకేం కనబడవు.

పదకొండయ్యేసరికి వాడి మెడ చుట్టూ చెమటకాయలు. స్ట్రోలర్‌కి తగిలించిన బుల్లి ఫ్యాను వేడిగాలి కొడుతోంది. అప్పుడు దొరికింది నాకు ఆ పార్కులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ హోటల్ పక్కనే బేబీ కేర్ సెంటర్ అని ఉంది. చల్లటి గదులు, డైపర్ మార్చడానికి శుభ్రమైన బల్లలు, పాలివ్వడానికి విడిగా గది, పిల్లల్ని కూర్చోబెట్టే ఎత్తు కుర్చీలు, మైక్రోవేవ్. డైపర్లు గానీ, పాలపొడి గానీ మర్చిపోతే అక్కడే కొనుక్కోవచ్చు. నేను ఇంట్లో వేయించి పొడి చేసి తెచ్చిన ఉగ్గుకి నీళ్లు వేడిచేసి కలిపి పెట్టాను. పక్క కుర్చీలో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒకావిడ కవలలకి తినిపిస్తోంది. ఉగ్గు వాసన చూసి ఏమిటని సైగ చేసింది. బియ్యం, పెసరపప్పు, కొంచెం జీలకర్ర అని నా ఇంగ్లీషులో చెప్పాను, ఆవిడకి సగం అర్థమైంది. ఒక చెంచా రుచి చూసి బొటనవేలు ఎత్తింది. బయట అంతమంది పరుగులు పెడుతుంటే, ఆ గదిలో తల్లులందరం తొందర లేకుండా కూర్చున్నాం. రోజు మొత్తంలో నాలుగుసార్లు వెళ్లాను. మా ఆయన షీటులో దానికి వరస లేదు.

మా మధ్యాహ్న భోజనం బెంచీ మీద, పులిహోర, పెరుగన్నం. అక్కడ వేడిచేయక్కర్లేని తిండి బయటి నుంచి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం కూడదు, పిల్లల తిండి సీసాలకి మినహాయింపు. వంగిన పొడుగు ముక్కుతో తెల్ల కొంగల్లాంటి పక్షులు బల్లల మధ్య తిరుగుతుంటాయి. ఒకటి రాలిన మెతుకు ఏరుకోవడానికి స్ట్రోలర్ కిందికి వచ్చింది. "కాకా!" అన్నాడు చంటోడు. వాడికి ఎగిరేవన్నీ కాకులే. మిక్కీకి దక్కని నవ్వు ఆ పక్షికి దక్కింది.

పెద్దది మాత్రం అప్పటికి కుతకుతలాడుతోంది. "అన్నీ తమ్ముడి కోసమేనా" అని మొహం ముడుచుకుంది. దాని తప్పేం లేదు. అప్పుడే రైడర్ స్విచ్ పనికొచ్చింది. ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకి 38 అంగుళాల ఎత్తు ఉండాలి, చంటోడికి కుదరదు. లైను మొదట్లో పసిపిల్లాడు ఉన్నాడని చెబితే, ముందు ఒకరు ఎక్కి వచ్చాక పిల్లాడిని చూసుకున్నవాళ్లు మళ్లీ ఆ పొడుగు లైనులో నిలబడకుండా ఎక్కొచ్చు. వాళ్లతోపాటు మిగతా పిల్లల్ని రెండోసారి తీసుకెళ్లొచ్చు. అది ముందు వాళ్ల నాన్నతో వెళ్లింది, తర్వాత నాతో వచ్చింది. రెండోసారి దిగాక స్ట్రోలర్ దగ్గరికి వెళ్లి తమ్ముడి చెవిలో "నువ్వు మంచోడివిరా" అంది. ఇంకో రెండు రైడ్లకి "తమ్ముణ్ణి తీసుకెళ్దాం, లైనుండదు" అని అదే గుర్తుచేసింది.

అందరం కలిసి ఎక్కింది ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. ఎత్తు నియమం లేదు, పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చోవడమే. 1964లో న్యూయార్కు వరల్డ్ ఫెయిర్ కోసం మొదట చేసినది అది. చీకట్లో చల్లగా పడవ కదులుతుంటే, అటూ ఇటూ దేశదేశాల బొమ్మలు ఆడుతూ పాడుతూ ఉంటాయి. చంటోడు నోరు తెరిచి ఒక్క రెప్ప వేయకుండా చూశాడు. వాడి కాళ్లు తాళం వేస్తున్నాయి. తాజ్‌మహల్ దగ్గర బొమ్మల్ని చూసి అత్తయ్యగారు "మనవాళ్లే, బొట్టు పెట్టారా లేదా చూడమ్మాయ్" అన్నారు. చూసేలోగా పడవ దాటిపోయింది. అందుకని మళ్లీ ఎక్కాం.

మూడింటికి ఫ్లోరిడా వాన. అక్కడ వేసవిలో ఇది దాదాపు రోజూ ఉండేదే, ఉరుములు మొదలైతే బయట తిరిగే రైడ్లు ఆపేస్తారు. స్ట్రోలర్ మీద ప్లాస్టిక్ కప్పి, చంటోణ్ణి గుండెకి కట్టుకుని, దగ్గర్లో తలుపు తెరిచి ఉన్న హాల్లోకి పరుగెత్తాం. కారౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. లైను కూడా లేదు. స్టేజీ కదలదు, మనం కూర్చున్న హాలే గుండ్రంగా తిరుగుతుంది. ఒక అమెరికా కుటుంబం కరెంటు లేని రోజుల నుంచి తరతరాలుగా ఎలా మారిందో మాట్లాడే బొమ్మలతో చూపిస్తారు. ఇది కూడా ఆ 1964 ఫెయిర్‌లోదే. కుర్రకారు దీని మొహం చూడరు. రెండో అంకంలో కొత్తగా వచ్చిన కరెంటు తీగలు ఇల్లంతా వేలాడుతూ ఉంటాయి, అన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుంది. మామయ్యగారు పకపకా నవ్వారు. "నేను ఆరో తరగతిలో ఉండగా మా ఊళ్లో కరెంటు వచ్చింది. మొదటి రోజు బల్బు చూడటానికి పక్క వీధివాళ్లు మా అరుగు మీద కూర్చున్నారు" అని మొదలుపెట్టారు. ఆ కబుర్లు మా ఆయన కూడా ఎప్పుడూ వినలేదట. చంటోడు నా గుండెల మీద పడుకున్నాడు, వాన ఇంకా తగ్గలేదు, మళ్లీ మొదటి నుంచి చూశాం. చల్లటి చీకట్లో నలభై నిమిషాలు వాడికి నిద్ర, నాకు కాళ్లకి విశ్రాంతి. బయటికి వచ్చేసరికి మా స్ట్రోలర్ పెట్టిన చోట లేదు. గుండె ఝల్లుమంది. అక్కడి పనివాళ్లు స్ట్రోలర్లని సర్ది వరసలో పెడతారని తర్వాత తెలిసింది. హ్యాండిల్‌కి కట్టిన అత్తయ్యగారి పసుపు తువ్వాలు పట్టిచ్చింది.

రాత్రి బాణసంచాకి ఉండలేదు. ఉండాలనే అనుకున్నాం, చంటోడి చెవులకి పెట్టే మఫ్స్ కూడా కొన్నాం, కానీ ఎనిమిదింటికి వాడు చేతులెత్తేశాడు. ఫెర్రీలో తిరిగి వస్తుంటే వెనక మోత వినిపించింది, ఆకాశం వెలిగింది. నీళ్ల మీద నుంచి చూడటమే బాగుందని పెద్దది అంది. నిజంగా బాగుందో, మా మీద జాలిపడిందో తెలియదు.

రెండో రోజు ఎప్‌కాట్, డిస్నీదే ఇంకో పార్కు. అది తేలిగ్గానే గడిచింది. అక్కడ 57 లక్షల గ్యాలన్ల నీళ్ల అక్వేరియం ముందు చంటోడు అద్దానికి రెండు చేతులూ ఆనించి గంటసేపు నిలబడ్డాడు. లివింగ్ విత్ ద ల్యాండ్ అని ఇంకో పడవ ప్రయాణం గాజు ఇళ్లలో పండించే పంటల మధ్య నుంచి వెళ్తుంది. మన్ను లేకుండా వేళ్లు గాలిలో వేలాడే మొక్కలు, అరటి, బొప్పాయి. పనసచెట్టు కనబడేసరికి మామయ్యగారు లేచి నిలబడబోయారు, మా ఆయన లాగి కూర్చోబెట్టాడు. దిగాక "వీళ్లు పనసకాయని కూరలో వేస్తారా, ఊరికే చూపిస్తారా" అని అక్కడి కుర్రాణ్ణి అడగమన్నారు. నేను అడగలేదు, ఇప్పుడనిపిస్తుంది అడగాల్సిందని.

మూడో రోజు పూర్తిగా గదిలోనే. పెద్దది ఈత కొలనులో, చంటోడు నేల మీద, మేం అన్నం, ముద్దపప్పు. ఆ రోజుకి షీటులో నాలుగు రైడ్లు రాసి ఉన్నాయి.

తిరుగు ప్రయాణం పదకొండు గంటలు. ఇంటికి వచ్చి నాలుగు రోజులైనా, ఎన్ని తలంట్లు పోసుకున్నా, మామయ్యగారి తల మీది మెరుపులు మొత్తం పోలేదు. సోమవారం పొద్దున అత్తయ్యగారు దిండు గలీబు పెరట్లో దులుపుతూ, "తిరుపతి వెళ్లేలోగా ఇవన్నా పోతే బాగుణ్ను, అక్కడ దేవుడికి ఏమని చెప్పుకోవాలి" అన్నారు. చంటోడు రాలుతున్న ఆ మెరుపుల్ని పట్టుకోవాలని గడ్డిలో పాకుతున్నాడు.